తిట్టని డాక్టరు

దొమ్మేరులో ఒకాయనకు ఇంజెక్షను చేసి స్కూటీ తిప్పుకుంటుంటే పాపాయమ్మ వీధి అరుగు మీద నుంచి కేకేసింది. కాలికి ఏదో చిన్న దెబ్బ, ఒకసారి చూసి పొమ్మంది. చిన్న దెబ్బే కదా అని అమ్మణ్ణి బండికి స్టాండు వేసి వచ్చి కూర్చుంది. కట్టిన పాతగుడ్డ విప్పేసరికి ముందు వాసన తగిలింది. ముప్పై ఏళ్ళుగా నర్సు పని చేస్తున్న మనిషి, ఆ వాసన ఎక్కడ తగిలినా పోల్చుకోగలదు. కుడికాలి బొటనవేలు నల్లబడింది. పక్కవేలు రంగు మారుతోంది.

చెప్పు కరిచి పదిహేను రోజులైందనీ, నొప్పి లేదు కదా అని పట్టించుకోలేదనీ పాపాయమ్మ చెప్పింది. షుగరున్న వాళ్ళకి కాలి నొప్పి తెలియకపోవడమే అసలు చేటని అమ్మణ్ణి ఆమెకు పదేళ్ళుగా చెబుతూనే ఉంది. సంచీలోంచి మిషను తీసి వేలి చివర పొడిచి చూసింది. నాలుగు వందల ముప్పై ఎనిమిది. సంక్రాంతి ముందు ఇదే మిషను మీద నూట నలభై దాటని మనిషి.

మాత్రలు సరిగ్గా వేసుకుంటున్నారా అని అడిగితే పాపాయమ్మ దాపరికమేమీ లేకుండా, కాస్త గర్వంగా కూడా, మానేసి నలభై రోజులు దాటిందని చెప్పింది.

"ఎవరు మానమన్నారండీ?"

"ఎవరేంటమ్మా, మన డాక్టరు గారే. సూర్యప్రకాశం గారు."

దూది పట్టుకున్న అమ్మణ్ణి చెయ్యి అక్కడే ఆగిపోయింది.

కొవ్వూరు మెయిన్ రోడ్డులో సూర్యప్రకాశం గారి ఆసుపత్రి తెలియని ఇల్లు ఈ చుట్టుపక్కల ఊళ్ళలో లేదు. అమ్మణ్ణి ఇరవయ్యారేళ్ళు ఆయన దగ్గరే పని చేసింది. కరోనా రెండోసారి విరుచుకుపడినప్పుడు ఎంతమంది చెప్పినా వినకుండా తలుపులు తీసి రోగుల్ని చూశారు. చివరికి అదే ఆయన్నీ పట్టుకుపోయింది. రెండువేల ఇరవై ఒకటి మే నెల. అప్పటి నుంచీ ఆసుపత్రి మూతపడే ఉంది. అమ్మణ్ణి ఇంటింటికీ తిరిగి ఇంజెక్షన్లు, కట్లు చేసుకుంటూ బతుకుతోంది.

ఆయన పోయారు కదండీ అని మెల్లిగా అంది.

"నాకు తెలీదా? ఆ రోజు మా ఇంట్లో పొయ్యి వెలిగించలేదమ్మా. పోకముందు చెప్పిందంట ఇది. మా గణేషు ఫోన్లో వచ్చింది" అని పాపాయమ్మ తలగడ కింద నుంచి ఫోను తీసింది.

తెర మీద సూర్యప్రకాశం గారు కనిపించారు. అదే బట్టతల, అదే దళసరి కళ్ళద్దాలు. నోరు విప్పగానే అదే బొంగురు గొంతు. అమ్మణ్ణి తనకు తెలియకుండానే సగం లేచి నిలబడింది. ఆ గొంతు విని నాలుగేళ్ళయింది. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, కళ్ళలో నీళ్ళు తిరిగేంత సంతోషం వేసింది. ఆ సంతోషం గుర్తొచ్చినప్పుడల్లా తర్వాత ఆమెకు ఇంకా ఎక్కువ కోపం వచ్చేది.

ఎందుకంటే ఆ బొంగురు గొంతు ఏం చెబుతోందయ్యా అంటే, షుగరు మాత్రలు కిడ్నీలను తినేస్తాయట. ఈ నిజం డాక్టర్లు మీకు చెప్పరట. తాను చనువుకొద్దీ చెబుతున్నాడట. కింద కనిపించే నంబరుకు ఫోను చేసి మూలికల పొడి తెప్పించుకుని, తాగడం మొదలుపెట్టిన రోజునే మాత్రలు చెత్తబుట్టలో పారేయమన్నాడు. నలభై రోజుల్లో షుగరు వేళ్ళతో సహా పోతుందట, నూటికి నూరు శాతం గ్యారంటీ.

రోజూ రెండు పూటలా మాత్ర వేసుకున్నారా లేదా అని రోగి ఎదురుగా నిలబడి ఖాళీ అట్టలు లెక్కపెట్టించిన మనిషి నోట ఆ మాటలు పెట్టారు.

అమ్మణ్ణి మళ్ళీ మొదటి నుంచి చూసింది. ఈసారి వినలేదు, చూసింది. సూర్యప్రకాశం గారి ఎడమచేతి చూపుడువేలు సగమే ఉండేది. చిన్నప్పుడు చెరకు మర దగ్గర పోయింది. ఈ బొమ్మ రెండు చేతులూ ఆడిస్తోంది, పది వేళ్ళూ నిండుగా ఉన్నాయి. పెదవులు చూసింది. 'మ' అనాలన్నా, 'ప' అనాలన్నా ఎవరైనా పెదవులు కలపాలి. ఈయన 'మాత్రలు' అన్నప్పుడు పెదవులు కలవడం లేదు. 'పొడి' అన్నప్పుడూ కలవడం లేదు. మధ్యలో, పోయినేడాది ఎవరో శాస్త్రవేత్తలు కనిపెట్టారని ఒక మాట దొర్లింది. నాలుగేళ్ళ కిందట పోయిన మనిషికి పోయినేడాది సంగతి ఎలా తెలుస్తుంది?

ఇవన్నీ కాక ఇంకేదో కూడా తేడాగా ఉంది. అదేంటో మాత్రం ఆమెకు అందలేదు.

పొలం నుంచి గణేష్‌బాబు వచ్చాడు. పాపాయమ్మ కొడుకు, ఇరవై ఎనిమిదేళ్ళు ఉంటాయి, అరటితోట కౌలుకు చేస్తాడు. ఇది కంప్యూటరుతో చేసిన బొమ్మ, మీ అమ్మగారిని ఈ గంటలోనే రాజమండ్రి తీసుకెళ్ళాలి అని అమ్మణ్ణి చెప్పింది. అతను నవ్వాడు. ఇంతింత మంది చూశారు, కింద అందరూ దణ్ణాలు పెట్టారు, అబద్ధమైతే ఈపాటికి ఎవరో ఒకరు చెప్పరా అన్నాడు. పొడి పడుతున్నప్పుడు ఒంట్లోని విషం ఇలాగే కాళ్ళలోంచి బయటికి వస్తుందని ఆ నంబరు వాళ్ళు ముందే చెప్పారన్నాడు. ఆ మాట వినగానే అమ్మణ్ణి అరికాలి మంట నెత్తికెక్కింది. వేలు కుళ్ళుతుందని వాళ్ళకి ముందే తెలుసు. తెలిసే దానికి ఒక పేరు పెట్టి ఉంచారు.

"ఆయన డాక్టరండీ. మీరు నర్సు. ఏమీ అనుకోకండి, ఎవరి మాట వినమంటారు?" అన్నాడు గణేష్‌బాబు.

ఆ మాట ఆమెకు సూదిలా దిగింది. ఇదే గణేష్‌బాబు పుట్టిన రాత్రి బొడ్డు కోసింది ఆమె చేతులే. కానీ ఆ లెక్కలు తీసే సమయం కాదది.

"నా మాట వినక్కర్లేదు బాబూ. మీ అమ్మగారి కాలు నువ్వే వాసన చూడు" అంది.

అతను వంగాడు. వంగినవాడు చాలాసేపు తలెత్తలేదు. లేచి ఆటో కోసం పరిగెత్తాడు.

ఆటో రోడ్డు బ్రిడ్జి ఎక్కి గోదావరి దాటుతున్నంతసేపూ పాపాయమ్మ, ఆ పొడి డబ్బా తెచ్చారా, మధ్యాహ్నం తాగాలి అని అడుగుతూనే ఉంది. పెద్దాసుపత్రిలో చూసిన డాక్టరమ్మ కాలు చూసి, షుగరు చూసి, ఇంకో వారం ఆగి ఉంటే మోకాలి దాకా పోయేదని చెప్పింది. మర్నాడు ఉదయం రెండు వేళ్ళు తీసేశారు.

అమ్మణ్ణి ఆ మధ్యాహ్నమే ఆ ఊళ్ళోనే దానవాయిపేటలో ఉన్న హరిచందన ఇంటికి వెళ్ళింది. హరిచందన సూర్యప్రకాశం గారి ఒక్కగానొక్క కూతురు, హైస్కూల్లో లెక్కల టీచరు. వీడియో మొత్తం చూసింది. అయిపోయాక మళ్ళీ పెట్టింది. మూడోసారి పెట్టబోతుంటే అమ్మణ్ణి ఫోను లాగేసుకుంది.

"ఈ చొక్కా నేను కొన్నదే అక్కా. వెనకాల కేలండరు కూడా మనదే" అంది హరిచందన. "ఆ వీడియోలు తీసింది నేనే. నాన్న వద్దంటే వినకుండా నెట్లో పెట్టింది నేనే."

కరోనా రోజుల్లో రోగులు గుంపులుగా రాకుండా ఉండాలని, ఆక్సిజన్ ఎలా చూసుకోవాలో, ఎప్పుడు ఆసుపత్రికి పరిగెత్తాలో ఆయన చేత చెప్పించి పదకొండు చిన్న వీడియోలు తీసింది. ఇప్పటికీ అవి అక్కడే ఉన్నాయి. మనుషుల్ని బతికించడానికి ఆయన మాట్లాడిన ఆ మాటల్లోంచే ఎవడో ఆయన గొంతునీ ముఖాన్నీ తవ్వి తీశాడు. శ్మశానంలో శవం ఒంటి మీద బట్ట లాగేవాడైనా ఇంతకంటే నయమనిపించింది అమ్మణ్ణికి. వాడు బట్టతో ఊరుకుంటాడు.

వీడియో పెట్టిన కంపెనీకి హరిచందన ఫిర్యాదు పంపింది. తండ్రి మరణ ధ్రువపత్రం కూడా జత చేసింది. రెండు రోజులకు జవాబొచ్చింది. పరిశీలించామనీ, ఆ వీడియో తమ నియమాలకు విరుద్ధంగా ఏమీ లేదనీ, మీ అనుభవం మాకు ముఖ్యమనీ రాశారు. చివర, ఈ జవాబు మీకు నచ్చిందా అని అడిగి అయిదు స్టార్లు పెట్టారు.

హరిచందన నెమ్మదస్తురాలు, ఎవరినీ గట్టిగా ఒక మాట అని ఎరగదు. ఆ జవాబు చదివి ఫోను సోఫా మీదకి విసిరేసింది. ఇక వీళ్ళని బతిమాలేది లేదు, ఆ నంబరుకే చేద్దామంది. ఒక ఫోనులో స్పీకరు పెట్టి మాట్లాడుతుంటే రెండో ఫోనులో రికార్డు చేయాలనుకున్నారు. మాట్లాడింది అమ్మణ్ణి.

ఎత్తింది తేనెలాంటి ఆడగొంతు. నమస్కారమండీ, మీ ఆరోగ్యమే మా ఆనందమండీ అంది. ఊపిరి తీసుకోకుండా మాట్లాడుతోంది. ఎదుటివాళ్ళు దగ్గినా, ఆగినా, దానికి పట్టదు. అమ్మణ్ణి గొంతు సవరించుకుని, తన మనవరాలికి పదేళ్ళనీ, చిన్నప్పటి నుంచీ షుగరనీ, రోజుకు నాలుగుసార్లు ఇన్సులిన్ పొడుస్తున్నామనీ చెప్పింది. ఆమెకు మనవరాలు లేదు. కానీ అలాంటి పిల్లలు ఆమెకు తెలుసు. ఇన్సులిన్ ఆపితే ఆ పిల్లలు నాలుగు రోజులు కూడా బతకరని తెలుసు.

"పొడి మొదలెడితే ఇన్సులిన్ ఆపేయొచ్చాండీ?"

"తప్పకుండా ఆపవచ్చండీ. మొదటి రోజు నుంచే ఆపేయండి. చిన్నపిల్లలకి మన పొడి ఇంకా బాగా పని చేస్తుందండీ. ఏ అడ్రసుకు పంపమంటారు?"

అది మిషనని తెలిసి కూడా, నీకు పిల్లలున్నారా అని అడిగింది అమ్మణ్ణి. మీ ప్రశ్న చాలా మంచిదండీ అందా గొంతు. అదే తీపి, అదే మర్యాద. హరిచందన ఫోను కట్ చేసింది.

మర్నాడు ఆ రికార్డింగు, ఖాళీ పొడి డబ్బా, పాపాయమ్మ ఆసుపత్రి కాగితాలు పట్టుకుని ఇద్దరూ పోలీస్ స్టేషనుకీ, అక్కడి నుంచి మందుల తనిఖీ ఆఫీసుకీ వెళ్ళారు. డబ్బా మీద అడ్రసు ఉంది గానీ ఆ అడ్రసులో అలాంటి ఊరే లేదు. స్టేషన్లో ఎస్.ఐ. రికార్డింగు పూర్తిగా విని, తన తల్లికీ షుగరేనని చెప్పి, కేసు రాసుకున్నాడు. రికార్డింగు పైవాళ్ళ దాకా వెళ్ళిన పన్నెండో రోజున వీడియో పోయింది, నంబరు పలకడం మానేసింది. చేసినవాళ్ళెవరో మాత్రం తెలియలేదు. ఏ ఊళ్ళో ఉన్నారో, ఈ దేశంలోనే ఉన్నారో లేదో కూడా చెప్పలేమన్నాడు ఎస్.ఐ. పోనీలెండి, వీడియో తీసేశారు కదా అని ఓదార్పుగా అన్నాడు.

"తెర మీద తీసేశారండీ. తలకాయల్లోంచి ఎవరు తీస్తారు?" అంది అమ్మణ్ణి.

ఆ పని ఎవరూ చేయరని తెలిసి తానే మొదలుపెట్టింది. ఎవరింటికి కట్టు కట్టడానికి వెళ్ళినా ముందు మాత్రల అట్టలు తీయించేది. నాలుగు రోజుల్లోనే ఆ పొడి తాగుతున్నవాళ్ళు ఏడుగురు తేలారు. చెబితే కొందరు విన్నారు. కొందరు, డాక్టరు గారి మీద నీకేం కోపం అని అడిగారు. ఇరవయ్యారేళ్ళు ఆయన పక్కన నిలబడ్డదాన్ని పట్టుకుని ఆ మాట అడుగుతుంటే ఆమెకు కడుపు మండిపోయేది. ఇలా ఒక్కొక్కరితో కాదని హరిచందనతో చెప్పి ఆదివారం కొవ్వూరులో సూర్యప్రకాశం గారి ఆసుపత్రి వరండా తాళం తీయించింది. నాలుగేళ్ళ దుమ్ము ఇద్దరూ కలిసి కడిగారు.

నలభై మంది దాకా వచ్చారు. హరిచందన గోడకి తెల్లదుప్పటి కట్టి ప్రొజెక్టరు పెట్టింది. ముందు కరోనా నాటి అసలు వీడియో వేసింది, తర్వాత దొంగది. అమ్మణ్ణి ముందుగా ఏమీ చెప్పలేదు. తేడా ఏంటో మీరే చెప్పమంది. తాను పక్కకు తప్పుకుని గోడకి చేరబడింది.

ఒకావిడ వేలు సంగతి పట్టుకుంది. ఇంకొకరు పెదవులు కలవడం లేదన్నారు. వెనక బెంచీ మీద ముసలయ్య కూర్చున్నాడు. పొగాకు ఆరబెట్టే బ్యారన్లో పని చేసి చేసి ఊపిరి తీసుకోవడమే కష్టమైన మనిషి, సూర్యప్రకాశం గారి దగ్గర పాతికేళ్ళ రోగి. అతను లేచి నిలబడి, ఆయాసం ఆపుకుని, దుప్పటి వైపు చెయ్యి చూపించాడు.

"ఈయన మనల్ని తిట్టట్లేదేంటండీ?"

వరండాలో ఎవరో నవ్వారు. ఆ నవ్వు అందరికీ అంటుకుంది. సూర్యప్రకాశం గారు తిట్టకుండా మందు రాసిన రోగి ఆ వరండాలో ఒక్కరూ లేరు. బీడీ మానని ముసలయ్యని ఆయన, "నువ్వు చావడానికి నా దగ్గరికి రాకయ్యా, బోలెడు చోటుంది" అని తిట్టేవారు. పెళ్ళి భోజనంలో నాలుగు లడ్డూలు తిన్నానని నిజం చెప్పిన పాపానికి ఒకాయన్ని గుమ్మం దాకా వచ్చి మరీ తిట్టారు. తిట్టి, మళ్ళీ కూర్చోబెట్టి, కాలు ఒళ్ళో పెట్టుకుని వేలి సందులన్నీ చూసేవారు. అమ్మణ్ణికి అంతుపట్టని తేడా అదే. తెర మీది డాక్టరు అందరికీ ఇష్టమైనదే చెబుతున్నాడు. మాత్రలు వద్దన్నాడు, పథ్యం వద్దన్నాడు, నడక ఊసే లేదు. మన మంచి కోరేవాడు ఎప్పుడైనా అంత తియ్యగా మాట్లాడాడా అని ముసలయ్య అడిగాడు.

ఆ రోజు అయిదుగురు డబ్బాలు తెచ్చి వరండాలో పెట్టి వెళ్ళారు. హరిచందన దుప్పటి విప్పుతూ ఏడ్చింది. ఆమె ఏడవడం అమ్మణ్ణి చూసింది అప్పుడే, తండ్రి పోయినప్పుడు కూడా కాదు.

మర్నాడు అమ్మణ్ణి రాజమండ్రి పెద్దాసుపత్రికి వెళ్ళేసరికి పాపాయమ్మ మంచం మీద దిండుకి ఆనుకుని కూర్చుని ఉంది. జరిగిందంతా విని, ఆయన కాదా అని ఒకటికి రెండుసార్లు అడిగింది. కాదని అమ్మణ్ణి చెప్పింది. పాపాయమ్మ కట్టు కట్టిన కాలి వైపు చూసుకుంది.

"ఇంకెవరు చెప్పినా నేను మానేదాన్ని కాదమ్మా. ఆయన చెప్పేరనే మానేను" అంది. "పోన్లే. ఆయన అనలేదు కదా, అంతే చాలు" అంది.

ఆ మాట అమ్మణ్ణి తట్టుకోలేకపోయింది. రెండు వేళ్ళు పోగొట్టుకున్న మనిషి, చనిపోయినాయన పేరు చెడనందుకు ఊరట పడుతోంది. ఎక్కడో కూర్చుని ఈ బొమ్మ తయారుచేసినవాడికి పాపాయమ్మంటే ఒక ఫోను నంబరు, అంతే. ఆయన మీద ఆమెకున్న గురి ఎంతటిదో వాడు పసిగట్టాడు, సరిగ్గా దాని మీదే దెబ్బకొట్టాడు.

గణేష్‌బాబు వార్డు బయట బెంచీ మీద ఉన్నాడు. ఈ మూడు వారాల్లో సగమైపోయాడు. అమ్మణ్ణి వెళ్ళి పక్కన కూర్చుని ఆ వీడియో ఎన్ని గ్రూపుల్లో పెట్టావని అడిగింది. మూడింట్లో పెట్టానన్నాడు. రైతుల గ్రూపు, పదో తరగతి స్నేహితుల గ్రూపు, చుట్టాల గ్రూపు. అది అబద్ధమని వాటిలో రాశావా అంటే తల దించుకున్నాడు. వీడియో పోయింది కదండీ, ఇప్పుడు మళ్ళీ ఎందుకండీ, మా అమ్మకి ఇలా చేసింది నేనేనని నలుగురికీ తెలిస్తే పరువు పోతుందండీ అన్నాడు.

"మీ అమ్మగారికి వేళ్ళు పోయాయి" అంది అమ్మణ్ణి. గొంతు పెంచలేదు. "ఇంకా ఎవరింట్లోనో ఎవరో ఈ పూట కూడా ఆ పొడి కలుపుకుంటున్నారు. నువ్వు పంపితే కలుపుకుంటున్నారు. నీ పరువు వాళ్ళ కాళ్ళ కంటే గొప్పదా?"

అతను ఫోను తీశాడు. రాయడం మొదలుపెట్టి చెరిపేశాడు, మళ్ళీ రాశాడు. మొదట, ఎవరో మోసం చేశారని రాశాడు. అమ్మణ్ణి తల అడ్డంగా ఊపింది. చివరికి ఇలా రాశాడు: సూర్యప్రకాశం గారి షుగరు వీడియో దొంగది. అది పంపింది నేనే. అది నమ్మి మాత్రలు మానేసి మా అమ్మకి రెండు వేళ్ళు తీసేశారు. ఎవరైనా ఆ పొడి తాగుతుంటే ఇప్పుడే ఆపి మీ డాక్టరు దగ్గరికి వెళ్ళండి. నన్ను తిట్టండి, పర్వాలేదు.

కింద ఆసుపత్రిలో తీసిన అమ్మ కాలి ఫొటో పెట్టాడు. మూడు గ్రూపుల్లోనూ పంపాడు.

తిట్లు ముందు వచ్చాయి. మేనమామ ఒకాయన ఫోను చేసి చెడామడా దులిపాడు. గణేష్‌బాబు అవునండీ, అవునండీ అంటూ విన్నాడు. ఆ తర్వాత ఒక్కొక్కటిగా వేరే మెసేజీలు రావడం మొదలయ్యాయి. మా నాన్న తాగుతున్నాడని ఒకరు, మా అత్తగారు మాత్రలు మానేసి నెలైందని ఒకరు. సాయంత్రానికి పద్నాలుగు మంది. చివరిగా తాళ్ళపూడి నుంచి అతని క్లాసుమేటు హారతి ఫోను చేసింది. వాళ్ళ నాన్నకి రెండు రోజులుగా ఒకటే వాంతులనీ, మగతగా పడి ఉన్నాడనీ, ఆ పొడి విషం బయటికి తోస్తోందనుకున్నామనీ చెప్పింది.

అమ్మణ్ణి గణేష్‌బాబు చేతిలోంచి ఫోను అందుకుంది. పొడి ఆపి, 108కి ఫోను చేసి, వాళ్ళొచ్చే లోపు అతన్ని పక్కకు తిప్పి పడుకోబెట్టమంది. అంబులెన్సు ఇక్కడికే వస్తుందనీ, గేటు దగ్గర తాను నిలబడి ఉంటాననీ చెప్పింది. అవతల హారతి, ఇంతకీ మీరు డాక్టరాండీ అని అడిగింది.

"కాదమ్మా, నర్సుని" అంది అమ్మణ్ణి. "నాతో తర్వాత మాట్లాడుదువు గాని, ముందు అంబులెన్సుకి చెయ్యి."